ఎస్తేరు మేడమ్ పెట్టని సంతకం

నిన్న పొద్దున ఏలూరు బస్టాండ్‌లో ఉండగా మెసేజ్ వచ్చింది. "ఎస్తేరు మేడమ్ నో మోర్."

రెండుసార్లు చదివాను. పంపినవాడికి ఫోన్ చేసి తిట్టాను కూడా.

నిజమేనట. నాలుగు రోజుల జ్వరం. వయసు ముప్పై నాలుగేళ్లు.

గూడెం కాలేజీలో నాతో చదివినవాళ్లకి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం: ఆవిడ మా కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ ఇన్‌చార్జి. టెంపరరీ పోస్టు.

ముదినేపల్లి దాటాక చేపల చెరువుల మధ్య వాళ్ల ఊరు. వెళ్లాను. ప్రార్థన అవుతోంది. వెనక మా కాలేజీ ఆఫీసు ఆయనొకరు పక్కాయనతో అంటున్నారు.

"పాపం, మంచిదేనండీ. ఆ సర్వర్ ఒక్కటే పాడుచేసింది."

పెట్టె ఇంకా మూయనైనా లేదు!

అందుకే ఈ పోస్ట్. జరిగింది రాస్తున్నాను, చదవండి.

మా థర్డ్ ఇయర్‌లో ల్యాబ్‌లోని లినక్స్ సర్వర్ పొద్దున ఆన్ చేస్తే లేవడానికి ముప్పావుగంట పట్టేది. ఫస్ట్ పీరియడ్ మొత్తం నల్ల స్క్రీన్ ముందు కబుర్లే. ప్రాక్టికల్స్ దగ్గరపడ్డాయి. హెచ్‌ఓడీ గారు మెమో టైప్ చేయించారు, ఇన్‌చార్జి నిర్లక్ష్యం వల్లే సర్వర్ పాడైందని.

మేడమ్ దానిమీద సంతకం పెడితే పేరు పోతుంది. పెట్టకపోతే ఉద్యోగం పోతుంది.

మేడమ్ పెట్టలేదు.

వాచీ విప్పి కీబోర్డు పక్కన పెట్టుకున్నారు. మూడు రోజులు, స్క్రీన్ మీద ఏ లైను దగ్గర ఎంతసేపు ఆగుతోందో నోట్‌బుక్‌లో రాశారు. నేను విసుక్కుంటే, "ముందు కొలుద్దామమ్మా, తిట్టుకోవడం తరవాత," అన్నారు.

సర్వర్ రోజూ డిస్కంతా మొదటినుంచీ చెక్ చేసుకుంటోంది. ముందురోజు సరిగ్గా ఆగకుండానే కరెంటు పోతే అలా చేస్తుంది. కానీ మేడమ్ రోజూ షట్‌డౌన్ ఇచ్చే వెళ్తారు. మరి?

హెచ్‌ఓడీ గారికో అలవాటు. ఇంటికెళ్తూ, షార్ట్ సర్క్యూట్ భయంతో, యూపీఎస్‌తో సహా మెయిన్ తన చేత్తోనే ఆపాలి. సర్వర్ ఆగడం పూర్తికాకముందే ఆపేసేవారు.

మేడమ్ నోట్‌బుక్ తీసుకెళ్లి ఆయన టేబుల్ మీద పెట్టారు. నేను గుమ్మంలో ఉన్నాను.

"అంటే తప్పు నాదంటారా?"

"అలా అనటం లేదండీ. నిద్రపట్టకముందే మంచం లాగేస్తున్నారండీ. పొద్దున్న నడుం పట్టేస్తే మెమో నాకిస్తున్నారు."

ఆయన నోట్‌బుక్ తెరిచారు.

ఆగడానికైనా అంతసేపెందుకని మేడమ్ అదీ వదల్లేదు. డిస్క్‌కి డీఎంఏ అనే సెట్టింగ్ ఆఫ్‌లో ఉంది. డేటాలోని ప్రతి ముక్కనీ ప్రాసెసరే మోసుకెళ్లాల్సి వస్తోంది. ఒక్క కమాండ్‌తో ఆన్ చేశారు. మర్నాటినుంచి సర్వర్ రెండు నిమిషాల్లో లేచేది. సాయంత్రం హెచ్‌ఓడీ గారు మెయిన్ మీద చెయ్యేసి, "ఆపమంటారా అండీ?" అని అడిగేవారు.

ఉద్యోగం నిలబడింది. మెమో మాత్రం ఎవరూ చింపలేదు. ఆఫీసు ఫైల్లోనే ఉండిపోయింది. చూసినవాళ్లు ఎవరికి తోచింది వాళ్లు చెప్పుకున్నారు.

నిన్న నేను ఊరుకోలేదు. ప్రార్థన అవ్వగానే, అందరూ వింటుండగానే అన్నాను.

"ఏవండీ, ఆ సర్వర్‌ని బాగుచేసిందే ఆవిడండీ. పక్కన కూర్చుని చూసినదాన్ని నేను."

ఆయన తల దించుకున్నారు. మేడమ్ వాళ్ల అమ్మగారు మాత్రం తలెత్తి చూశారు.

"మళ్లీ చెప్పమ్మా," అన్నారు.

మళ్లీ చెప్పాను. ఇంకా గట్టిగా.

వెళ్లిరండి మేడమ్. మీ పేరుకి ఏ మచ్చా లేదు. ప్రభువు చెంత హాయిగా ఉండండి.