శ్రీశైలం పెద్ద మిషన్

సారంగాపూర్ మండలంలోని ఒక ఊరు శ్రీశైలానిది. దుబాయిలో చాలా ఏళ్లు ఖర్జూరపు మట్టలు నరికి వచ్చాడు. ఊళ్లో మాత్రం దాన్ని 'మిషనరీ లైన్' అని చెప్పుకునేవాడు. వచ్చాక కట్టెలు కోసే చిన్న చైన్ మిషన్ ఒకటి కొనుక్కొని, కూలిన తుమ్మలూ వేపలూ కోసి పెళ్లి వంటలకు కట్టెలు వేసేవాడు. పని నిజంగానే బాగా చేసేవాడు. అక్కడితో ఆగితే చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు.

లచ్చయ్య పెరట్లో కిందటేడు కూలిన వేప బాగా ఎండి పడి ఉంది. కొడుకు పెళ్లి పెట్టుకున్నాడు, వంటకు దాన్ని కోయించుకుందామని శ్రీశైలాన్ని పిలిచాడు. మొద్దు లావుదే. అయినా చిన్న మిషన్‌తో అటు కొంత, ఇటు కొంత కోస్తే తెగేదే. శ్రీశైలం దాని చుట్టూ తిరిగి పెదవి విరిచాడు.

"గిది మామూలు మొద్దు గాదు లచ్చన్నా. పెద్ద మిషన్ గావాలె."

కోరుట్ల పోయి, చైన్ తిరిగే పట్టీ చెయ్యంత పొడుగున్న మిషన్ కొన్నాడు. దుకాణపాయన చైన్ బిగించి చూపిస్తానంటే, "నాకు జెప్తవా? దుబాయిల గిసొంటియి ఆడిచ్చి పడేసిన" అన్నాడు. ఆయన చెప్పిన జాగ్రత్తలన్నీ వెంట వచ్చిన భార్య ప్రేమలత వింది. శ్రీశైలం ఆ సేపంతా ఫొటోలు దిగుతున్నాడు.

ఇంటికొచ్చి చైన్ తనే బిగించుకున్నాడు. మర్నాడు వాహనపూజకని వేములవాడ తీసుకుపోయాడు. పూజారి రోడ్డు మీద అటూ ఇటూ చూశాడు.

"బండి ఏదయ్యా?"

శ్రీశైలం సంచిలోంచి మిషన్ తీసి నేల మీద పెట్టాడు.

"దీనికి చక్రాలు లేవు గదా! నిమ్మకాయలు దేని కింద పెట్టాలె?"

చివరికి పట్టీ కింద ఒకటి, పిడి కింద ఒకటి పెట్టి పూజ కానిచ్చారు.

ఆదివారం పొద్దున లచ్చయ్య పెరట్లో జనం చేరారు. శ్రీశైలం నల్లద్దాలు పెట్టుకొని, చిన్నదాని అలవాటు కొద్దీ పెద్దదాన్నీ గాల్లో పట్టుకొని స్టార్టు తాడు గుంజాడు. మిషన్ కదల్లేదు, ఆయనే కదిలాడు.

"కింద పెట్టి, పిడిల కాలు పెట్టి తొక్కిపట్టి గుంజుమన్నడు గదా దుకాణపాయన," అంది ప్రేమలత.

"నువ్వు ఊకో."

భుజం పట్టేశాక, ఎవరూ చూడట్లేదన్నట్టు నటిస్తూ కింద పెట్టి తొక్కిపట్టాడు. మిషన్ భుర్రున అందుకుంది. మొద్దు మీద ఆనించాడు. రొద వచ్చింది, పొగ వచ్చింది, బెరడు మీద నల్లటి చార పడింది. కట్టె మాత్రం తెగలేదు.

"కోస్తున్నవా, ఇస్త్రీ జేస్తున్నవా?" అన్నాడు లచ్చయ్య.

"నీ వేపల ఎవరో మొలలు గొట్టిండ్రే!"

మళ్లీ అదిమాడు, మళ్లీ పొగే. మిషన్ ఆపి, అద్దాలు తీసి చూశాడు. చైన్ పళ్లు వెనక్కి తిరిగి ఉన్నాయి.

"మిషన్ సల్లబడాలె. పోయి చాయ్ తాగి రాండ్రి," అని అందర్నీ పంపేశాడు. ప్రేమలత పోలేదు. పానా అందించింది. తలెత్తకుండా తీసుకున్నాడు.

చైన్ తిప్పి వేశాక పట్టీ దోసకాయలో దిగినట్టు దిగింది. పొట్టు పాదాల మీద కుప్పపడింది. మొదటి దుంగ దొర్లగానే శ్రీశైలం పసివాడిలా నవ్వాడు. ఆ నవ్వు నిజమైనదే. కానీ అప్పటికి చాయ్ తాగిన జనం తిరిగొచ్చారు.

"వీడియో తియ్యుండ్రి!" అని అరిచి, మిషన్‌ను పట్టీ మొనతో మొద్దులోకి పొడిచాడు. అది ఎగిరి మొహం మీదికి వచ్చింది. ముందున్న బ్రేకు పడి చైన్ ఆగింది గాని, ఆ లోపే తలకు చుట్టిన తువాల అంచు తెగి నేలపడింది. శ్రీశైలం కూలబడ్డాడు. వీడియో మాత్రం బాగా వచ్చింది. సాయంత్రానికి సిరిసిల్ల చుట్టాలు కూడా చూసి ఫోన్ చేశారు.

పెద్దదాన్ని ముట్టుకోవడానికి భయం, చిన్నదాన్ని బయటికి తీయడానికి నామోషీ. మిగిలిన మొద్దు అట్లాగే ఉండిపోయింది. లచ్చయ్య గ్యాస్ సిలిండర్లు తెప్పించి పెళ్లి వంట చేయించాడు.

శ్రీశైలం ముందు వరుసలోనే కూర్చున్నాడు. బగార అన్నంలోకి మటన్ రెండోసారి వేయించుకొని, ముక్క కొరికి, పక్కనున్నాయనతో అన్నాడు:

"అంతా మంచిగనే ఉన్నది గని, కట్టెల పొయ్యి మీద వండితే ఆ రుచే వేరుంటుండె."