మామిడికొమ్మ మీది బంతి

తమిళదేశంలో స్థిరపడ్డ తెలుగు రాజుల ఊళ్లో, మిల్లు పత్తి గోదాములో సూపర్వైజరు పి. వీరరాఘవ రాజా నలభై రెండేళ్లు వచ్చేదాకా కర్ర పట్టింది పాముల్ని కొట్టడానికే. అలాంటి మనిషి 1938లో గోల్ఫు మొదలుపెట్టాల్సి వచ్చిందంటే, దానికి కారణం ఒక మామిడిచెట్టు.

ఆ చెట్టు వాళ్లమ్మ నాచ్చియార్ నాటింది. ఆవిడ పోయాక, దాన్ని చూస్తేనే ఆయనకు ఇంట్లో పెద్దదిక్కు ఉన్నట్టుండేది. మిల్లుకు స్థలం అమ్మినప్పుడు చెట్టు జోలికి రాకూడదని మాట తీసుకున్నాడు, కాగితం తీసుకోలేదు. మిల్లువాళ్లూ రాజులే, రాజులు ఒకరినొకరు కాగితం అడగడం ఏం మర్యాద? మిషన్లు బిగించడానికి వచ్చిన బార్నెట్ దొరకు ఆ మర్యాద తెలియదు. మిల్లు వెనక బీడులో మూడు గుంతలు తవ్వించి గోల్ఫు మైదానం అన్నాడు. మూడో గుంతకు చెట్టు అడ్డం, కొట్టేస్తానన్నాడు. రాజా వెళ్లి చేతులు కట్టుకుని నిలబడితే, వచ్చీరాని తమిళంలో పందెం కట్టాడు. దీపావళినాడు ఆటలో తనను గెలిస్తే చెట్టు ఉంటుంది, లేకపోతే గొడ్డలే. ఒక పాత కర్ర, ఆరు బంతులు కూడా దయచేశాడు.

రాజా పంతం మనిషి. కళ్లంలో ఒకేచోట కాళ్లకు గుర్తు గీసుకుని పొద్దున రెండు వందలు, సాయంత్రం రెండు వందలు కొట్టాడు. నెల తిరిగేసరికి ప్రతి బంతీ గడ్డివాము నెత్తిన పడేది. ఉబ్బిపోయి దొరతో ఒకసారి ఆడి చూస్తే, ఎంత తక్కువ దెబ్బల్లో ముగిస్తే అంత గెలుపైన ఆ ఆటలో మూడు గుంతలకు ముప్పై ఏడు దెబ్బలు పట్టాయి. ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు.

భార్య పంకజం వడియాలు పెడుతూ ఇదంతా చూస్తూనే ఉంది. గోల్ఫు సంగతి ఆవిడకు బొత్తిగా తెలియదు. అయినా విషయం పట్టేసింది.

"ఒకేచోట నిలబడి కొట్టినారు. ఆ చోటు మీకు బాగా వచ్చింది, ఆట రాలేదు. ఆటలో ఒక్కోచోట ఒక్కసారే కదా కొట్టేది? అట్లనే ప్రాక్టీసు చేయండి," అంది.

మర్నాడు ఐదు బంతులు బీరువాలో పెట్టి తాళం వేసింది. మిగిలిన ఒక్కదాన్ని ఆవిడ చెప్పిన చోటు నుంచి చెప్పిన చోటుకు కొట్టాలి. పశువుల కొట్టం నుంచి రోలుకు, అక్కడి నుంచి ఎండే మిరపకాయల మీదుగా గంగాళంలోకి. పేడలో పడితే పేడలోంచే. తప్పితే రెండో దెబ్బ లేదు, కాఫీ కూడా లేదు. పనిమనిషి వేలమ్మాళ్ తప్పులన్నీ గోడమీద బొగ్గుతో గీసేది. ఎక్కడ తప్పాడో అక్కడికే పంకజం మూడోనాడు మళ్లీ పంపేది. వచ్చిన చుట్టాలు కుశలం అడగడం మానేసి, గోడల చాటున నక్కి నక్కి లోపలికి వచ్చేవాళ్లు.

దీపావళి వచ్చింది. మొదటి గుంత దొరది. రెండోది, నమ్మండి, రాజాది. మూడోదానికి దొర బంతి చెట్టు పక్కగా దూసుకుపోయి గుంతకు జానెడు దూరంలో ఆగింది. రాజా బంతి చెట్టులోకి వెళ్లి రెండు కొమ్మల సందున ఇరుక్కుంది.

దొర రూల్సు పుస్తకం తీసి, బంతి ఎక్కడుంటే అక్కడి నుంచే కొట్టాలన్నాడు. రాజా పంచె ఎగ్గట్టి, కర్రతో చెట్టెక్కాడు. రెమ్మలు అడ్డొస్తున్నాయి, విరవనా అని అడిగాడు. దొర మళ్లీ చదివాడు. ఆట ముగిసేదాకా పెరుగుతున్న దేన్నీ విరవకూడదు, నరకకూడదు.

రాజా కర్రను ఒళ్లో పెట్టుకుని కొమ్మమీద సర్దుకుని కూర్చున్నాడు. ఆ రూలు ఇద్దరికీనా అని అడిగాడు. ఆటగాళ్లందరికీ అని దొర గర్వంగా చెప్పాడు.

"అయితే నా వంతు ఇంకా ఉండాది దొరా," అన్నాడు రాజా, దిగుతూ. "ఈ చోటు నాకు కొత్త. ప్రాక్టీసు చేసి వచ్చి కొడతాను."

ఎంతసేపట్లో కొట్టాలో చెప్పే పేజీ కోసం దొర పుస్తకమంతా తిరగేశాడు. ఆ పేజీని బంగళా చెదలు ఏనాడో తినేశాయి. రూలు తప్పే మనిషి కాదు పాపం. మరుసటేడు యుద్ధం రావడంతో ఊరు వదిలి వెళ్లిపోతూ, తన తర్వాతి దొరకు చీటీ రాసిపెట్టాడు: ఆట సాగుతోంది, చెట్టు ముట్టవద్దు.

1946లోనూ రాజా ప్రతి ఆదివారం చెట్టెక్కేవాడు. కర్ర ఎత్తి, గుంతకేసి గురిచూసి, మళ్లీ దించి, వాళ్లమ్మ చెట్టుమీద హాయిగా కూర్చునేవాడు. కొడితే బంతి నేరుగా గుంతలో పడుతుందని అప్పటికి ఊరందరికీ తెలుసు. ఆయనకూ తెలుసు, కొడితే ఆట ముగిసిపోతుందనీ తెలుసు. ఈ వారమైనా కొడతారా అని పంకజం కిందినుంచి అడిగేది.

"ఇంకా చెయ్యి కుదరలే," అనేవాడు.