తెల్లటి రబ్బర్లు

బట్టలు సరిచేసే దుకాణంలో ఆమెది వెనక గది. ప్యాంట్లు పొట్టి చేస్తుంది, బిగువైన నడుములు వదులు చేస్తుంది. ముందు కౌంటర్లో ఓనరు కూర్చుంటాడు. ఆమె దగ్గరికి బట్టలే వస్తాయి, మనుషులు రారు. అందరూ టైలరక్క అంటారు.

తల్లి పోయిన ఏడాదికి, నలభై దాటిన వయసులో, పళ్ళకు క్లిప్పులు పెట్టించుకుంది. చిన్నప్పటి నుంచీ ముందు పళ్ళు ఎత్తు. నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం వెళ్ళేది. ఫోన్లో చెబితే అన్నయ్య పడీపడీ నవ్వాడు.

"ఈ వయసులో నోటికి కంచె ఏంటే? ఏ మేకొచ్చి మేస్తుందని?"

"నా నోరు, నా కంచె. నీకెందుకు?"

అప్పట్నుంచి అన్నయ్య ఫోను చేస్తే ముందు కంచె క్షేమమే అడిగేవాడు. అతని ఫోను కూడా ఎప్పుడో గానీ రాదు.

మొదట్లో గుండుసూదులతో తంటా వచ్చింది. కుట్టేటప్పుడు వాటిని పెదాల మధ్య పట్టుకోవడం అలవాటు. ఇప్పుడవి క్లిప్పుల తీగలో ఇరుక్కునేవి. అయినా నెలకోసారి ఆసుపత్రికి వెళ్ళే రోజు కోసం ఎదురుచూసేది. డాక్టరమ్మ గడ్డం కింద చెయ్యి పెట్టి తల కాస్త ఎత్తేది. తీగను క్లిప్పులకు పట్టి ఉంచే రంగు రింగుల పెట్టె తెరిచి, "ఈసారి ఏ రంగక్కా?" అనేది అసిస్టెంటు అమ్మాయి. టైలరక్క వేలికి చుట్టి తెచ్చిన రంగు దారం ముక్క విప్పేది. ఊడిన గుండీకి జత వెతికినట్టు ఇద్దరూ ఆ పెట్టెలో వెతికేవారు. ఏం కావాలని ఆమెను అడిగేవాళ్ళు ఇంకెక్కడా లేరు.

పళ్ళు వరసలోకి వచ్చాక, పైపన్నుకూ కింది పన్నుకూ కలిపి తగిలించే చిన్న రబ్బర్లు ఇచ్చారు. తినేటప్పుడు తప్ప తియ్యకూడదు.

"సరిగ్గా పెట్టుకుంటే తొందరగా అయిపోతుంది. ఇక మీకు మాతో పనుండదు," అంది డాక్టరమ్మ సంతోషంగా.

ఆ ప్యాకెట్టు గుండీల డబ్బాలోకి వెళ్ళింది. ఆసుపత్రికి బయలుదేరే ముందు మాత్రం అద్దం ముందు నిలబడి రెండు రబ్బర్లు తగిలించుకునేది.

పళ్ళు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. చివరికి డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి పెదవి విరిచింది.

"ఇంతకు మించి కదిలేలా లేవండీ. మిమ్మల్ని ఊరికే తిప్పడం ఎందుకు? వచ్చే నెల తీసేద్దాం."

అలా అని పక్క గదిలోకి వెళ్ళింది. టైలరక్క కుర్చీ చేతులు పట్టుకుని అలాగే పడుకుంది. అసిస్టెంటు అమ్మాయి ఆమె రబ్బర్లు తీసి దీపం కింద చూసింది.

"అందరివీ టీ రంగుకొచ్చి సాగిపోతాయి. మీవి ఎప్పుడు చూసినా తెల్లగానే ఉంటాయేంటక్కా?"

టైలరక్క చూపు పక్కకు తిప్పుకుంది.

"కొత్త ప్యాకెట్టు కూడా ఎప్పుడూ అడగలేదు. నొప్పా?"

"కాదు."

"మరి?"

"పెట్టుకుంటే అయిపోతుంది కదమ్మా."

అమ్మాయికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. నవ్వబోయి మానుకుంది.

"డాక్టరమ్మకు చెప్పకపోతే వచ్చే నెలే తీసేస్తారు. చెబితే తిడతారు, కానీ మళ్ళీ రమ్మంటారు. నిజంగా పెట్టుకుంటే ఇంకో మూడు నెలలు పడుతుంది. ఏం చెయ్యమంటారు?"

"చెప్పు," అంది టైలరక్క.

డాక్టరమ్మ చిన్నపిల్లను తిట్టినట్టు తిట్టింది. ఆమె నోరు తెరుచుకునే అంతా వింది.

ఇంటికొచ్చి తాళం తీసేసరికి దవడ లాగుతోంది. అన్నం తిని, పళ్ళు తోముకుని, కొత్త రబ్బర్లు తగిలించుకుంది. తర్వాత దారాల పెట్టె ముందేసుకుని కూర్చుంది. వచ్చే నెలకని వంకాయ రంగు ముక్క తుంచింది. ఆ పై నెలకు ఆకుపచ్చది. మూడో కండె తీసుకుని, కొస వెతికి, ఆగిపోయింది. క్లిప్పులు తీసేసే రోజు రంగుతో పనుండదు.

కొసను మళ్ళీ కండెకు చుట్టి పెట్టేసింది.