మా ఎర్రపెట్ట కూసిన పొద్దు

నా చిన్నతనంలో మా ఇంట్లో తెల్లవారేది కోళ్ల గూడు తలుపు తీసిన చప్పుడుతో... నాయినమ్మ వాకిలి ఊడ్చి, చీపురు గోడకు ఆనించి, గూడు ముందు పీట వేసుకుని కూర్చునేది. నేను ఆమె ఒళ్లో తలపెట్టి సగం నిద్రలో ఉండేదాన్ని. ధర్మసాగర్ పక్కన మా ఊరు. నాకప్పుడు తొమ్మిదేళ్లు.

కోళ్లు ఏమంటున్నాయో నాయినమ్మకు తెలిసేది. పొయ్యి ముందు నుంచి లేవకుండానే చెప్పేది. "కొక్... కొక్... కొక్కొక్కో" అని ఇల్లెగిరిపోయేలా అరిస్తే గుడ్డు పెట్టినట్టు. అదే అరుపు బెదురుగా, ఆగకుండా వస్తే దొడ్లోకి పిల్లో పామో వచ్చినట్టు. సన్నగా ఒక్కటే సాగదీస్తే పైన గద్ద తిరుగుతున్నట్టు... ఆ అరుపు వినగానే పిల్లలన్నీ తల్లి రెక్కల కిందికి దూరేవి. ఇక "టుక్ టుక్ టుక్" అంటే గింజ దొరికింది, రండని పిలవడం.

"గది గుడ్డు పెట్టిన అరుపు గాదు బిడ్డా, పిల్లి అచ్చింది. జర పోయి సూడు," అనేది. పోయి చూస్తే నిజంగానే గోడ మీద పిల్లి ఉండేది.

ఏడాది తిరిగేసరికి నేనూ నేర్చుకున్నాను. నేను "టుక్ టుక్" అంటే పిల్లలే కాదు, పెద్ద కోళ్లు కూడా ఉరికి వచ్చేవి. "దీనికి సదువు రాదు గని కోళ్ల బాస అచ్చింది," అని మా పెద్దమ్మ నవ్వేది. నేను దాన్ని పొగడ్తనుకున్నాను. అది కాస్తా నెత్తికెక్కింది.

కోళ్లన్నింటిలో ఎర్రపెట్ట ముసలిది. గుడ్లు పెట్టడం మానేసి చాలా రోజులైంది. అయినా నాయినమ్మ దాన్ని అమ్మనిచ్చేది కాదు. ఆమె ఎటు పోతే అది అటు తిరిగేది.

ఒక పొద్దున పుంజు కూతలాంటిదే ఒకటి వినిపించింది. బాగానే మొదలై, గొంతు పట్టేసినట్టు సగంలో ఆగిపోయింది. కళ్లు తెరిచి చూస్తే మెడ చాచి కూస్తున్నది ఎర్రపెట్ట... నాయినమ్మ గబగబా దాని ముందు గుప్పెడు నూకలు చల్లింది. "కొత్త పుంజు బిడ్డా, కూత నేర్సుకుంటాంది," అంది.

నాకు లోపల నవ్వొచ్చింది. నాయినమ్మకు తెలియనిది నాకు తెలిసిందనుకున్నాను. ఆ తర్వాత ఆమె రోజూ అందరికంటే ముందే లేచి, నూకలు పట్టుకుని గూటి దగ్గర కాచుకుని కూర్చునేది.

పెట్ట కూస్తే ఇంటికి కీడని, వెంటనే కోసెయ్యాలని మా దిక్కు నమ్మేవారు. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు.

ఆ నెలలోనే బాపుకు కామెర్లు ముదిరాయి. వరంగల్ దవాఖానలో ఉంచారు, అమ్మ కూడా అక్కడే ఉంది. ఒక పొద్దున మా పెద్దబాపు వాళ్లకు సద్ది తీసుకుని బయల్దేరుతుంటే ఎర్రపెట్ట మళ్లీ కూసింది. "గా పుంజుకేమైంది, గట్ల కూత్తాంది?" అని పెద్దమ్మ అంది.

నా నోరు ఊరుకుంటుందా... "పుంజు గాదు పెద్దమ్మా, ఎర్రపెట్ట. నేను కండ్లార సూసిన," అన్నాను.

నాయినమ్మ చేతిలో చాట ఆగిపోయింది.

"ఎన్ని రోజులాయె?" అని పెద్దబాపు అడిగాడు. దానికీ జవాబు చెప్పాను. "బాపు దవాఖానకు పోకముందు నుంచే. నాయినమ్మకు ఎరుకే."

"ముసల్దైతే పెట్ట గొంతు మారుతది కొడుకా... మనింటి సంగతి దానికేం ఎరుక," అని నాయినమ్మ బతిమాలింది. ఎవరూ వినలేదు. ఎర్రపెట్ట చేతికి చిక్కకుండా దొడ్డంతా ఉరికింది. పెద్దబాపు అలసిపోయి నా వైపు తిరిగి "నువ్వు పిలువు," అన్నాడు.

పిలిచాను. టుక్ టుక్ టుక్... అది నమ్మి వచ్చింది.

వారం తిరగకముందే బాపు పోయాడు.

బాపును వాకిట్లో పడుకోబెట్టి ఉండగానే పెద్దమ్మ అందరి ముందూ అనేసింది. "తెలిసి తెలిసి దాసింది ముసల్ది. కోడి మీదున్న పాయిరం కన్నకొడుకు మీద లేకపాయె." అమ్మ కూడా కాదనలేదు. కొడుకు కాళ్ల దగ్గర కూర్చున్న నాయినమ్మ ఏడుపు మధ్యలోనే ఆపేసి కొంగు నోట్లో కుక్కుకుంది.

బాపును తీసుకుపోయింది కామెర్లని ఇప్పుడు ఎవరికైనా చెప్పగలను. అప్పుడు చెప్పాల్సింది... అప్పుడేమో చెప్పకూడనిది చెప్పాను.

మిగిలిన కోళ్లన్నీ నాయినమ్మ ఊళ్లో పంచేసింది. అమ్మ ఆ తర్వాత ఆమె చేతి నీళ్లు తాగలేదు. నన్ను మాత్రం నాయినమ్మ ఒక్క మాట అనలేదు. తిట్టినా, చెంప మీద ఒక్కటి వేసినా బాగుండేది. ఒకసారి ధైర్యం చేసి, "ఎర్రపెట్ట ఏమని కూసింది నాయినమ్మా?" అని అడిగాను.

"ఏమనలే బిడ్డా. గొంతున్నది, కూసింది," అంది.

నాలుగేళ్ల తర్వాత ఆ నింద మోసుకునే పోయింది.

నాకిప్పుడు నలభై దాటాయి. వరంగల్ మట్టెవాడలో ఉంటున్నాను. మా వీధి చివర చికెన్ సెంటర్‌లో జాలీ నిండా తెల్లకోళ్లు. కూరగాయలకు పోతూ ఆగి వింటాను... గుడ్డు అరుపు లేదు, గద్ద అరుపు లేదు, పిల్లల్ని పిలిచే అరుపు లేదు. జాలీలోకి చెయ్యి వచ్చినప్పుడు మాత్రం ఒక్క అరుపు వినిపిస్తుంది. అది నాయినమ్మ నేర్పింది కాదు. ఆ రోజు ఎర్రపెట్ట దగ్గర విన్నది.

ఇప్పుడు మా వీధిలో ఎవరి దొడ్లోనూ కోళ్లు లేవు, అసలు దొడ్లే లేవు. మీలో ఎవరైనా కోళ్లు పెంచి ఉంటే ఒక్క సంగతి రాయండి... మీ ఇంట్లో ఎప్పుడైనా పెట్ట కూసిందా? కూసినా కోయకుండా ఉంచుకున్నారా? ఆ ఏడాది మీ ఇంట్లో అందరూ బాగానే ఉన్నారా?

బాగున్నామని ఒక్కరు రాసినా చాలు. నాయినమ్మకు చదివి వినిపించలేను... అయినా రాయండి.