కంప్యూటర్ ఇంకా రాలేదన్నారు

మునగాల బడిలో నాతో చదివినవాళ్లారా, బీరువాలోని ఆ లావుపాటి కీబోర్డు గుర్తుందా? పైవరుసలో ఎర్రటి బటన్లు, కప్పిన కవరు తీస్తే పాత దుమ్ము వాసన.

"ముట్టుకోకుండ్రి. ముందు కీబోర్డు పంపిన్రు, కంప్యూటర్ ఎన్కనుంచి వస్తది," అనేవారు సారు.

మా ఇంట్లో మొదట బడికెళ్లింది నేనే. కంప్యూటర్ వస్తే నేర్చుకుంటానని చెప్పినందుకు, గొర్రెల్ని దొడ్లోకి తోలి నాయిన రోజూ అడిగేవాడు. "బిడ్డా, ఇయ్యాలనన్న వచ్చిందా?"

పదో తరగతి అయిపోయింది కానీ అది రాలేదు.

ఇవాళ ఫోనులో, ఎప్పుడో మూతపడిన ఒక ఇంగ్లాండు కంప్యూటర్ కంపెనీ చరిత్ర చదువుతుంటే అదే కీబోర్డు ఫోటో కనిపించింది. బడిపిల్లల కోసమే చేశారట. కంప్యూటరంతా ఆ కీబోర్డు లోపలే ఉందట, టీవీకి తగిలిస్తే చాలట!

వెంటనే మన రేణుకకు ఫోన్ చేశాను.

"అయ్యో, టీవీ గా పక్క హెడ్మాస్టర్ రూములనే ఉండె గదనే!" అంది.

పడీపడీ నవ్వాం. ఫోన్ పెట్టేశాక మాత్రం కుదురుగా కూర్చోలేకపోతున్నాను. కోదాడ కాలేజీలో మొదటి కంప్యూటర్ ల్యాబ్ రోజు, స్విచ్ ఎక్కడుందో తెలియక అందరి ముందు బిక్కమొహం వేసుకుని నిలబడ్డాను. మనకూ కంప్యూటర్‌కూ మధ్య ఉన్నది ఒక్క గోడ, ఒక్క వైరు.

బడి దగ్గర ఉన్నవాళ్లు ఎవరైనా ఆ బీరువా తెరిపించండి. అది ఇంకా ఉంటే టీవీ నేను తెస్తాను.