సర్వశాఖల సారు పంటి నొప్పి

ఆ పరిశోధన సంస్థలో సర్వశాఖల సారుకి ఉన్నది ఒక్కటే జబ్బు. కంటికి ఏది కనబడినా "దీనిమీద ఒక పేపరు వేద్దాం!" అంటాడు. అని ఊరుకోడు, వేస్తాడు కూడా. అదీ బాధ.

మేడమీద కుళాయి కారితే ఎవరైనా ప్లంబర్ని పిలుస్తారు. ఈయన దానికెదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ప్లంబరు వస్తే, "వారం ఆగి బాగుచెయ్యి నాయనా, ఈ చుక్కల్లో ఏదో తాళం ఉంది" అని వెనక్కి పంపేశాడు. ఆ పేపరు నీటిశాఖ పత్రికలో పడింది. కుర్చీ కిర్రుమంటే యంత్రాల పత్రికలో, క్యాంటీన్లో క్యూ కదలకపోతే లెక్కల పత్రికలో. ఆఖరికి భార్య గురకని కూడా వదల్లేదు మహానుభావుడు.

"నా గురక గురించి ఎక్కడెక్కడి వాళ్ళో రాశారటమ్మా," అని ఆవిడ వచ్చినవాళ్ళకల్లా చెప్పుకునేది. "పెళ్ళయ్యాక నాలో నలుగురికీ పనికొచ్చిన గుణం అదొక్కటే."

ఇన్ని శాఖల్లో వేలు పెట్టినందుకు ఏ శాఖా ఆయన్ని తనవాడనుకోలేదు. భౌతికశాస్త్రం మీటింగుకెళితే "మీరు జీవశాస్త్రం కదండీ" అనేవాళ్ళు. అక్కడికెళితే "సివిల్ వాళ్ళు పక్క గదిలో" అని తలుపు చూపించేవాళ్ళు. ఆయనేం నొచ్చుకునేవాడు కాదు. రెండు చోట్లా టీ తాగి వచ్చేవాడు.

ఈయన పక్కగదిలో నత్తలమ్మాయి ఉండేది. తడిగోడని నత్త జిగురు ఎలా పట్టుకుంటుందో ఏళ్ళ తరబడి చూసి, ఒకే ఒక్క పేపరు రాసింది. బంగారంలాంటి పేపరు. దాని మీద ఈగ కూడా వాలలేదు.

ఒకరోజు డైరెక్టరు పిలిచాడు. "అమ్మాయ్, నీ పని మంచిదే కావచ్చు. కానీ ఇంకొకళ్ళు తమ పేపర్లో నీ పేరు ఎత్తితేగా అది పనికొచ్చినట్టు! దాన్నే సైటేషన్ అంటారు. నీకు సున్నా. వచ్చే సమీక్షలోగా బయటివాళ్ళెవరైనా ఎత్తాలి. మన బిల్డింగు వాళ్ళు మొహమాటానికి ఎత్తితే నేనొప్పుకోను. లేదంటే నువ్వూ, నీ నత్తలూ..." అని వాకిలి వైపు చెయ్యి ఊపాడు.

ఆమె వచ్చి నత్తల పెట్టె ముందు కూర్చుని ఏడుస్తోంది. సారు తొంగిచూశాడు. ఆయన మొహం వెలిగిపోయింది.

"అబ్బ, ఏం పాకుతోందమ్మా! దీనిమీద ఒక పేపరు వేద్దాం!"

ఆమెకి ఒళ్ళు మండింది. "ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే, చుట్టకి నిప్పడిగాడట మీలాంటాయనే! నా ఉద్యోగం పోతోంది సార్. మీ పేపర్ల పిచ్చికి నా నత్తలే దొరికాయా?"

"ఉద్యోగం సంగతి తర్వాత. తడిలో పట్టు జారదెందుకు? ముందది చెప్పు."

తిట్టుకుంటూనే చెప్పింది. ఆయన ఒకటడిగాడు, దాని మీద ఇంకొకటడిగాడు. చీకటిపడింది. తన పని గురించి రెండో ప్రశ్న అడిగిన మనిషి ఆమెకి అంతవరకూ తగల్లేదు. ఏడవడం మర్చిపోయానని ఇంటికెళ్ళాక గానీ ఆమెకి తట్టలేదు.

మర్నాటి నుంచీ సారు నత్తల ఊసే ఎత్తలేదు. దవడ పట్టుకుని తిరగడం మొదలెట్టాడు. "పంటి నొప్పమ్మా" అంటూ వారం వారం పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి పరుగు. అందరికీ వింతే! సూది పేరెత్తితే బల్లకింద దూరే మనిషాయన.

"ఊదరగొట్టేశాడు, ఊరుకున్నాడు. ఆయన పన్ను ఆయనకి ముద్దు," అని నత్తలమ్మాయి కచ్చగా గొణుక్కుంది. సమీక్ష దగ్గరపడేసరికి సామాన్లు అట్టపెట్టెల్లో సర్దేసింది.

సమీక్ష రోజున అన్ని శాఖలవాళ్ళ ముందూ డైరెక్టరు కంప్యూటర్లో ఆమె పేరు కొట్టి చూసి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"ఒకటుందే! పంటి వైద్యం పత్రికా? నత్తలకి పళ్ళేమిటమ్మా?"

"వేలకొద్దీ ఉంటాయి సార్," అంది అలవాటుగా. మరుక్షణం "ఒకటుందా?" అంటూ కంప్యూటరు మీదికి వంగింది.

డైరెక్టరు నమ్మలేదు. ఆ పేపరు రాసిన డాక్టరమ్మకి అక్కడే ఫోన్ చేసి, అందరికీ వినబడేలా పెట్టాడు.

"పన్ను పీకాక చిగుళ్ళకి వేసే పట్టీ తడికి జారిపోయేదండీ," అందావిడ. "ఈ అమ్మాయి చెప్పిన లెక్కన జిగురు కలిపాం. నిలిచింది. ఆ పేపరు లేకపోతే మా పనే లేదు."

"మరి మీకీ నత్తల సంగతి ఎవరు చెప్పారు?"

"ఒక పెద్దాయన. పళ్ళు గుండ్రాళ్ళలా ఉన్నాయి, ఏ నొప్పీ లేదు. అయినా వారం వారం వచ్చి, కుర్చీలో గజగజా వణుకుతూ పడుకుని, 'పట్టీలు జారుతున్నాయా?' అని నత్తల పాఠం మొదలెట్టేవారు. ఆ పోరు పడలేక ఈ అమ్మాయి పేపరు చదివాను. మా పేపర్లో ఆయన పేరూ వేస్తామంటే మాత్రం, వద్దంటే వద్దని పారిపోయారు."

గదంతా గొల్లున నవ్వింది. డైరెక్టరు కూడా నవ్వాపుకోలేక సంతకం పెట్టేశాడు. ఉద్యోగం నిలిచింది.

నత్తలమ్మాయి ఒక్క పరుగున పక్కగదికొచ్చింది. "సార్! కుళాయి చుక్క మీద కూడా పేరు వేసుకున్న మీరు, దీన్నెలా వదిలారు?"

"నా పేరుంటే మన బిల్డింగు సరుకేనని డైరెక్టరు కొట్టిపారేసేవాడు." సారు గట్టిగా నిట్టూర్చాడు. "కడుపు తరుక్కుపోయిందనుకో. చాలా మంచి పేపరది."

"ఇంతకీ మీకు పంటి నొప్పి లేనే లేదా?"

"వెళ్ళకముందు లేదు. వెళ్ళినప్పుడల్లా ఆవిడ ఊరుకోక గీకి గీకి శుభ్రం చేసింది. ఇప్పుడు నిజంగానే ఉంది."

ఆమె స్టూలు లాక్కుని ఆయనకెదురుగా కూర్చుని, పెన్ను తీసింది.

"ఏదీ, నోరు తెరవండి సార్. దీనిమీద ఒక పేపరు వేద్దాం."

దవడ మీంచి చెయ్యి తియ్యకుండానే ఆయన ఆశగా అడిగాడు.

"మొదటి పేరు నాదేనా?"