చిన్నాయిన పెట్టిన కార్డు

బీరప్ప ఇంట్లో మాటకంటే ముందు చెయ్యి లేస్తుంది. గొర్రె మొండికేస్తే కర్ర, పాలు పొంగిపోతే గంటె, పిల్ల ఎదురు చెబితే చెంప. బీరప్ప తల్లి సుక్కమ్మ తన చేతికర్రను నడవడానికి వాడిన రోజులకంటే విసరడానికి వాడిన రోజులే ఎక్కువ. దీన్ని వాళ్లు కోపం అనుకోరు, పద్ధతి అనుకుంటారు. బయటివాళ్లు పోలీసు కేసు అనుకునేది ఆ ఇంట్లో పొద్దుటి పలకరింపు.

మల్లిక ఆ బీరప్పకు ఒక్కతే కూతురు. తల్లి చిన్నప్పుడే పోతే అవ్వ చేతి ముద్దలు, అవ్వ చేతి దెబ్బలు సమానంగా తిని పెరిగింది. ఊరు మేళ్లచెరువుకు దగ్గర, సున్నపురాయి గనుల నడుమ. మధ్యాహ్నం గనిలో తోటాలు పేలిస్తే వంటింట్లో గిన్నెలు ఎగిరి పడతాయి, ఎవరూ తలెత్తి చూడరు. అలాంటి చోట పెరిగిన పిల్ల నెమ్మదస్తురాలు కావాలని ఎవరైనా అనుకుంటే వాళ్లది అత్యాశ. తెలంగాణ వచ్చిన ఏడాది ఆమె ఇంటర్ చదువుతోంది. డిగ్రీ అయ్యాక హుజూర్‌నగర్‌లో అమరేందర్ అనే అతని ఫ్లెక్సీల దుకాణంలో చేరింది. ఫ్లెక్సీలు, పెళ్లి ఆల్బమ్‌లు కంప్యూటర్ మీద తయారు చేయడం అక్కడే నేర్చుకుంది.

పని బాగానే వచ్చింది. యజమానే బాగా రాలేదు. ఒక పుట్టినరోజు ఫ్లెక్సీలో ఎవరో చిన్న నాయకుడి బొమ్మ మరీ చిన్నదైపోయిందని ఆయన మనుషులు వచ్చి అమరేందర్‌ను నానా మాటలూ అన్నారు. వాళ్లను ఏమీ అనలేక అతను లోపలికొచ్చి మల్లిక చెంప మీద ఒకటి కొట్టాడు. మల్లిక కీబోర్డు పీకి అతని మొహం మీద అడ్డంగా కొట్టింది. మీటలు ఊడి నేలంతా చిందాయి, వాటి మధ్య అమరేందర్ ముందుపన్ను కూడా ఉంది. అతను పోలీసుల దగ్గరికి పోలేదు. ఆడపిల్ల చేతిలో పన్ను రాలిందని కాగితం మీద రాయించుకోవడానికి అంతటి మగవాడికి మనసొప్పలేదు. కానీ హుజూర్‌నగర్‌లోనూ కోదాడలోనూ ఏ దుకాణమూ ఆమెను మళ్లీ పనిలో పెట్టుకోకుండా చూశాడు.

ఇక మిగిలింది సొంత మిషను. ఒక గది, అందులో ఒక కంప్యూటరు, మీద చెయ్యెత్తే యజమాని లేని పని. మల్లికకు కావలసింది అంతే, అది దొరక్కపోతే గొర్ల వెనకే బతుకు తెల్లారుతుందని ఆమెకు తెలుసు. రెడీమేడ్ పెట్టె కొంటే లోపల ఏ పాత సరుకు పెట్టి ఇస్తారో నమ్మకం లేదు. అందుకే ఒక్కో భాగం తానే ఎంచి, తానే బిగించుకోవాలనుకుంది. కరోనా సద్దుమణిగిన రోజులవి. ఫోన్లో వీడియోలు చూసీ చూసీ కళ్లు మండుతుంటే నీళ్లు కొట్టుకుని మళ్లీ చూసేది.

డబ్బు లేదు. అయితే గొర్లకాపరుల ఇళ్లలో పాలుకు, అంటే వాటాకు, పెట్టడం అని ఒకటుంది. గొర్రె నాది, మేపేది నువ్వు, పుట్టిన పిల్లల్లో సగం నీకు, సగం నాకు, తల్లి గొర్రె మాత్రం ఎప్పటికీ నాదే. మల్లిక ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి, కంప్యూటర్‌ను కూడా అలాగే పెట్టండని అడిగింది. ఎవరి ముక్క వాళ్లదే, సంపాదనలో పాలు ఇస్తానంది. బీరప్ప పొట్టేళ్లను అమ్మి ప్రాసెసరు, మదర్‌బోర్డు తన పేర పెట్టుకున్నాడు. సుక్కమ్మ పింఛను డబ్బుతో ర్యామ్‌కు ఒప్పుకుంది, అదేమిటో చివరిదాకా ఆమెకు తెలియదు. బీరప్ప తమ్ముడు పరశురాములు మాత్రం చూడకుండా పైసా పెట్టనన్నాడు. అన్నదమ్ములిద్దరిదీ ఒకటే మంద, ఒకటే వాకిలి. మల్లికకు చిన్నాయినంటే భయం లేదు, కానీ భరోసా ఉంది. అమరేందర్ దుకాణం అద్దాలు పగలగొట్టి వస్తానని గొడ్డలి తీసినవాడు ఆయనే.

ఇద్దరూ సికింద్రాబాద్ పోయారు. కంప్యూటర్ సామాన్ల దుకాణంలో పరశురాములు సంతలో గొర్రెనో, మరో జీవాన్నో చూసినట్టే ప్రతి భాగాన్నీ చేతిలోకి తీసుకున్నాడు, బరువు చూశాడు, అంచులు నొక్కాడు. ధర దగ్గరికొచ్చేసరికి భుజం మీది రుమాలు తీసి చేతి మీద కప్పి దుకాణదారు ముందు చాపాడు. సంతలో బేరం రుమాలు కింద వేళ్లతోనే జరుగుతుంది మరి. దుకాణదారుకు అది తెలియక నవ్వాడు. ఆ నవ్వు పూర్తి కాకముందే అతని కాలరు పరశురాములు గుప్పిట్లో ఉంది. మల్లిక ఇద్దరి మధ్య దూరి వేళ్లు ఒక్కొక్కటే విడదీసింది. ఆ తర్వాత దుకాణదారు ప్రతి వస్తువునూ రెండు చేతులతో అందించాడు.

పరశురాములు కన్ను ఒక గ్రాఫిక్స్ కార్డు మీద పడింది. దిట్టంగా, రెండు ఫ్యాన్లతో ఉంది.

"నేను గిది పెడత" అన్నాడు.

"నా పనికి గదంత అవసరం లేదు చిన్నాయినా. ర్యామ్ ఇంకింత పెట్టు. ఆల్బమ్ ఫైళ్లు బరువుంటయి, ర్యామ్ తక్కువైతే మిషన్ మొరాయిస్తది."

పరశురాములు ర్యామ్ ముక్కను రెండు వేళ్లతో ఎత్తి చూశాడు. "గీ ఈనెపుల్లకా నా పైసలు? ఊళ్లె ఎవ్వలన్న అడిగితే నా జీవం ఏదని చూపియ్యాలె. పెడితే గిది పెడత, లేకుంటె పోత."

మల్లికకు ఒళ్లు మండింది. కానీ ఆమె బుర్ర కోపంలో కూడా పనిచేస్తుంది. ప్రాసెసర్లలో రెండు రకాలుంటాయి. ఒక రకం తనంతట తానే తెరకు బొమ్మ పంపుతుంది. రెండో రకం పంపలేదు, పక్కన కార్డు ఉంటేనే తెర వెలుగుతుంది, అందుకే అది చవక. చిన్నాయిన కార్డు ఎలాగూ వస్తోంది కదా అని ఆమె చవకదే తీసుకుని, మిగిలినదాంతో ర్యామ్ పెంచుకుంది.

"అక్కా, ఆలోచించుకోండి" అన్నాడు దుకాణదారు. "రేపు కార్డు తీస్తే తెర నల్లగైపోతది."

"మా చిన్నాయిన పెట్టిన కార్డు, యాడికి పోతది" అంది మల్లిక.

అన్ని భాగాల్లోనూ ఆమె తప్పు లెక్క వేసింది ఆ ఒక్కచోటే. మిగతావన్నీ ఊరిని కళ్ల ముందు పెట్టుకుని ఎంచింది. అద్దాల పెట్టె వద్దని, సున్నపు దుమ్ము లోపలికి పోకుండా ముందు జాలీ ఉన్న పెట్టె తీసుకుంది. ఊళ్లో బోరు మోటర్లన్నీ ఒక్కసారి నడిస్తే కరెంటు ఎగిరి దూకుతుంది కనుక, కరెంటు పంచే ఎస్ఎంపీఎస్ డబ్బా గట్టిది కావాలంది. ఆ రేకు డబ్బాను తన పేర పెట్టుకోవడానికి ఇంట్లో ఒక్కరూ ముందుకు రాలేదు. దాచుకున్న జీతం డబ్బుతో దాన్ని మల్లికే కొనుక్కుంది.

దొడ్డి పక్క గదిలో నేల మీద గొంగడి పరిచి అన్నీ తానే బిగించింది. తెర వెలిగినప్పుడు బీరప్ప యాటను కోశాడు. పరశురాములు ఆ నెత్తుటి కత్తితోనే వచ్చి, గొర్రె చెవికి గుర్తు కోసినట్టు, కార్డు ఫ్యాన్ల చుట్టూ ఉన్న ప్లాస్టిక్ అంచుకు ఒక గాటు పెట్టాడు. మల్లిక ఆయన చేతిని ఒక్క తోపు తోసింది, ఆయన నవ్వాడు. ఆ రోజు ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ కొట్టుకోలేదు, అది చెప్పుకోదగ్గ సంగతే.

పని పుంజుకుంది. చుట్టుపక్కల ఊళ్ల ఫొటోగ్రాఫర్లు పెన్‌డ్రైవ్‌లు తెచ్చి ఇచ్చేవారు. పెళ్లికూతుళ్ల మొటిమలు, పెళ్లికొడుకుల కళ్ల కింది నలుపు, అత్తల మొహాల్లోని అలక, అన్నీ మల్లిక చేతిలో మాయమయ్యేవి. అందరికీ పాలు సక్రమంగా ముట్టజెప్పింది. ఆమె మీద చెయ్యెత్తే మనిషి ఇప్పుడు అవ్వ ఒక్కతే, ఆమెదీ గురి తప్పుతోంది.

మరుసటి ఎండాకాలం పెళ్లిళ్ల రోజుల్లో మంద పురుగుమందు కొట్టిన కూరగాయల తోటలో పడింది. ఆ పూట మంద వెంట ఉన్నది పరశురాములు. ఇంటికొచ్చేసరికి గొర్లు నురగలు కక్కుతూ, కాళ్లు కొట్టుకుంటూ వాకిట్లోనే కూలాయి. వాటి చెవులు పట్టి చూస్తే చచ్చినవన్నీ బీరప్పవే. పరశురాములువి ఒక్కటీ పోలేదు.

"నీయి మలుపుకున్నవు, నాయి చావనిచ్చినవు" అన్నాడు బీరప్ప.

"నోరు అదుపుల వెట్టుకో అన్నా. గవి ముందుగాల ఉరికినయి, నేనేం చేయాలె."

"నీ గొర్లకు బుద్ధుందా, నా గొర్లకు లేదా?"

నిజమేమిటో ఈనాటికీ ఎవరికీ తెలియదు, తెలిసినా ఆగేవాళ్లు కాదు. బీరప్ప చచ్చిన గొర్రెను కాలు పట్టి ఎత్తి తమ్ముడి మీద విసిరాడు. అది ఛాతీకి తగిలి పరశురాములు వెల్లకిలా పడ్డాడు. లేస్తూనే కర్ర అందుకున్నాడు. మొదటి దెబ్బను బీరప్ప మోచేత్తో ఆపాడు. రెండోది నడినెత్తిన పడింది. ఎండిన సొరకాయ పగిలినట్టు చప్పుడైంది. బీరప్ప చచ్చిన గొర్ల మధ్య మోకాళ్ల మీద కూలబడ్డాడు, నెత్తురు కళ్లలోకి కారుతుంటే తుడుచుకోవడానికి చెయ్యి లేవలేదు. సుక్కమ్మ తన కర్రతో చిన్నకొడుకును వీపు మీద బాదుతూనే ఉంది, అతనికి ఆ స్పృహే లేదు.

మల్లిక గదిలోంచి ఉరికొచ్చి చున్నీతో నాయిన తల బిగించి కట్టింది. అంతలో పరశురాములు ఆమెను దాటి గదిలోకి పోయాడు.

"పొత్తు తెగింది. నా జీవం నేను తీస్కపోత."

ఎండకు లోపల వేడెక్కకుండా పెట్టె పక్క రేకు తీసి ఉంచింది మల్లిక. మిషను నడుస్తోంది. పరశురాములు గొర్రె వెనకకాలు పట్టినట్టు కార్డును గుప్పిట పట్టాడు. దాన్ని పీకితే తెర నల్లబడుతుంది. పెళ్లిళ్ల రోజుల్లో తెర నల్లబడితే పని ఇంకొకరి దగ్గరికి పోతుంది, మళ్లీ రాదు. అది వస్తువు పోవడం కాదు, మళ్లీ ఏదో ఒక అమరేందర్ ముందు చేతులు కట్టుకుని నిలబడడం.

"గుంజకు చిన్నాయినా" అంది మల్లిక. "లాక్ తియ్యకుంట గుంజితే బోర్డు విరుగుతది. చెయ్యి తియ్యి."

ఆయన గుంజాడు. బోర్డు కిర్రుమంది.

బల్ల మీద స్క్రూడ్రైవర్ ఉంది. మల్లిక దాన్ని పిడికిట పట్టి ఆయన చేతి వెనక దించింది. ఎముకల మధ్య నుంచి అరచేతి దాకా పోయింది. పరశురాములు తన చేతిని, అందులో నిలబడ్డ పచ్చ పిడిని, ఎవరిదో చెయ్యిలాగా చూశాడు. నెత్తురు ఫ్యాన్ల మీద పడి గోడంతా చిమ్మింది. స్క్రూడ్రైవర్‌ను ఆమే లాగింది. ఆయన వేళ్లు వాటంతట అవే విడిపోయి కార్డును వదిలేశాయి. మల్లికకు ఆ క్షణంలో జాలి కలగలేదు, పశ్చాత్తాపమూ కలగలేదు. హాయిగా అనిపించింది, ఆ హాయికి తర్వాత చాలా రోజులు భయపడింది.

హుజూర్‌నగర్ దవాఖానలో అన్నదమ్ములకు పక్కపక్క మంచాలే దొరికాయి. డాక్టరు అడిగితే బీరప్ప గడప మీద పడ్డానన్నాడు, పరశురాములు కంచె ముల్లు దిగిందన్నాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూడకుండానే ఒకరి కోసం ఒకరు అబద్ధమాడారు. మంద రెండైంది. వాకిలి మధ్య తడిక లేచింది. మల్లిక చిన్నాయిన వాటా డబ్బు పంపిస్తే సుక్కమ్మ చేత తిరిగొచ్చింది. కార్డు కావాలని మాత్రం పరశురాములు మళ్లీ అడగలేదు. ఫ్యాన్ల సందుల్లో ఎండిన నెత్తురును మల్లిక దూదితో తుడిచింది, మిషను నడిచింది.

మాటలు లేకుండా రెండు వానాకాలాలు గడిచాయి. పరశురాములు కూతురు సుస్మిత పెళ్లి కుదిరింది, జరిగింది. ఆ తర్వాత ఒక పొద్దున పరశురాములు తడిక దాటి వచ్చి, పెన్‌డ్రైవ్‌ను మల్లిక బల్ల మీద పెట్టాడు. ఆయన కుడిచేతి రెండు వేళ్లు పూర్తిగా ముడుచుకోవు. చేతి వెనక మచ్చ నల్లగా, ముడతపడి ఉంది.

"చెల్లె పెండ్లి ఆల్బమ్ నువ్వే చెయ్యాలె" అన్నాడు. పోబోతూ ఆగాడు. "గా అక్షింతలేసిన ఫొటోల నా చెయ్యి పెద్దగ వడ్డది. జర మచ్చ కనవడకుంట చెయ్యి బిడ్డా. అల్లునోల్లు అడుగుతరు."

ఆ ఫొటోలో కూతురి తల మీద లేచిన చెయ్యి సగం తెర ఆక్రమించింది. మచ్చ తీయడం మల్లికకు ఎంతసేపు. పక్కనున్న చర్మాన్ని తెచ్చి అతికించింది, రంగు కలిపింది. చెయ్యి శుభ్రంగా తయారైంది. ఆమె కుర్చీలో వెనక్కి వాలి చూసింది. అది ఆ రోజు కర్ర ఎత్తిన చెయ్యే. నాయిన ఇప్పటికీ వానాకాలం వస్తే తల పట్టుకుని కూర్చుంటాడు, ఒక్కోసారి సొంత కూతురి పేరు తడుముకుంటాడు. మల్లిక కళ్లు బల్ల మీద స్క్రూడ్రైవర్‌ను వెతికాయి. కోపం నిన్నటిదిలాగే ఉంది. ఆమె చేసినదాన్నంతా ఒక్కొక్కటే వెనక్కి తిప్పింది. మచ్చ తిరిగి వచ్చింది, నాయిన నెత్తికి బదులు ముట్టిన ఆ గుర్తును చూశాకే ఆమె కోపం దిగింది. అలాగే ప్రింటుకు పంపింది.

ఆల్బమ్ వచ్చాక పరశురాములు గడప మీద కూర్చుని తిప్పాడు. ఆ పేజీ దగ్గర ఆగాడు.

"ఉంచినవా?"

"ఉంచిన చిన్నాయినా" అంది మల్లిక. "అది తీసేస్తే నిన్ను మళ్ల పొడవబుద్ధయితాంది."

పరశురాములు ఆ పేజీ మీద చెయ్యి ఆనించాడు. తర్వాత ఆల్బమ్ మూసి చంకన పెట్టుకున్నాడు.

"గట్లనే ఉండనియ్యి" అని తడిక వైపు నడిచాడు.